కార్తీక వనభోజనానికి ఇంటికో వంటకం: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకమాసం దగ్గర పడగానే మా అపార్ట్‌మెంటులో ఏటా ఇవే సందేహాలు మొదలవుతాయి. వంటవాళ్ళను పెట్టుకోకుండా ఇంటికో వంటకం తెచ్చుకుని, ఉసిరిచెట్టు నీడలో అందరం కలిసి తినడం మా పద్ధతి. ఆ ఏర్పాట్లు చూసే పని కొన్నేళ్ళుగా నాకు అప్పగించారు. ఫోనులో, మెట్ల దగ్గర, కూరగాయల బండి దగ్గర నన్ను అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కొలతలన్నీ నేను వండి చూసినవే.

వనభోజనానికి ఏ వంటకం నప్పుతుందో ఎలా తేల్చుకోవాలి?

వంటింట్లో మనం రుచి చూసేది పొయ్యి మీద నుంచి దించిన వెంటనే. వనభోజనంలో తినేది మూడు నాలుగు గంటల తరువాత. తేడా అంతా ఇక్కడే వస్తుంది. మీ చేతి వంటల్లో అన్నిటికన్నా గొప్పదాన్ని తేనక్కరలేదు, ఆరిన తరువాత కూడా రుచి నిలిచేదాన్ని ఎంచుకోండి. అనుమానం ఉంటే వారం ముందు ఇంట్లో ఒకసారి వండి, ఒక గిన్నెడు పక్కన పెట్టి మూడు గంటల తరువాత తిని చూడండి.

ఉప్మా ఆరితే గట్టిపడుతుంది. పూరీలు సాగుతాయి. బెండకాయ వేపుడు మెత్తబడి కళ తప్పుతుంది. పొద్దున కరకరలాడిన గారె మధ్యాహ్నానికి బరువెక్కుతుంది, కానీ అదే గారెను తాలింపు పెట్టిన పెరుగులో వేస్తే నిలవ ఉన్నకొద్దీ రుచి పెరుగుతుంది. గుమ్మడికాయ దప్పళం, కంద బచ్చలి, చింతపండు వేసిన పులుసు కూరలు కూడా అంతే. ముక్కకు పులుపు పట్టడానికి సమయం కావాలి, ప్రయాణం ఆ సమయాన్ని ఇస్తుంది.

ఇంకొకటి కూడా చూసుకోండి. మీ వంటకం తినడానికి పక్కన మరొకటి తప్పనిసరి కాకూడదు. సాంబారు తెస్తే ఎవరో ఒకరు తెల్లన్నం తేవాలి, ఇడ్లీ తెస్తే పచ్చడి ఉండాలి. విస్తట్లో ఒంటరిగా నిలబడగల వంటకానికి ఈ తిప్పలు లేవు.

త్వరగా అయ్యేది, ఎవరైనా చేయగలిగేది ఒక్కటే చెప్పమంటే?

శనగ గుగ్గిళ్ళు. రెండో ఆలోచన లేకుండా చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి అక్కరలేదు. వేడిగా ఉన్నా చల్లారినా ఒకే రుచి. దారిలో ఒలికిపోవు. పిల్లలు ఆడుకుంటూ గుప్పెడు తీసుకుని తినేస్తారు.

కిలో నల్ల శనగలు రాత్రి నానబెట్టండి. పొద్దున ఉప్పు వేసి కుక్కరులో నాలుగైదు కూతలు రానిస్తే చాలు. చిదిమితే నలగాలి గాని గింజ పగలకూడదు. నీళ్ళు పూర్తిగా వార్చి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి, దించాక పచ్చికొబ్బరి తురుము కలపండి. నానబెట్టే సమయం పోగా పొయ్యి దగ్గర పని అరగంట. కిలో శనగలు ఉడికితే రెండు కిలోల పైనే అవుతాయి, మిగతా వంటకాల మధ్య నలభై మందికి సరిపోతాయి. ఎండ ఎక్కువగా ఉంటే కొబ్బరిని విడిగా డబ్బాలో తెచ్చి అక్కడే కలపండి. కొబ్బరే ముందుగా పాడవుతుంది.

రాత్రి నానబెట్టడం మరచిపోయారా? అలసందలు తీసుకోండి. గంట నానితే కుక్కరులో తేలికగా ఉడుకుతాయి. రుచిలో శనగలకు ఏమీ తీసిపోవు.

పులిహోర తెస్తామంటే వద్దంటారా?

వద్దనను. పులిహోర లేని వనభోజనం నాకు బోసిగా కనిపిస్తుంది. అయితే ఒక ఏడాది మాకు ఏడు ఇళ్ళ నుంచి పులిహోర వచ్చింది, పెరుగు మాత్రం ఎవరూ తేలేదు. అప్పటి నుంచి పులిహోర రెండు ఇళ్ళకే పరిమితం చేశాం. పైగా ఆ రెండూ వేరు వేరు రకాలుగా ఉండాలి.

చింతపండు పులిహోర తెచ్చేవారు పులుసును ముందు రోజే చేసి పెట్టుకుంటే పొద్దున పని సగం తగ్గుతుంది. కిలో బియ్యానికి 125 గ్రాముల చింతపండు తీసుకోండి. గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, కాస్త బెల్లం వేసి నూనె పైకి తేలేదాకా దగ్గరకు ఉడికించండి. ఇది చల్లారాక గాజు సీసాలో పెడితే మర్నాటికి భద్రంగా ఉంటుంది. పాత బియ్యమే వాడండి, కొత్త బియ్యం ముద్దవుతుంది. ఎసరు కొంచెం తగ్గించి వండి, అన్నాన్ని వెడల్పాటి తాంబాళంలో పరిచి, వేడి మీదే రెండు చెంచాల నూనె, పచ్చి కరివేపాకు వేయండి. ఆ వేడికి కరివేపాకు వాసన అన్నమంతా పడుతుంది. పూర్తిగా ఆరాకే పులుసు కలపాలి. వేడి అన్నంలో కలిపితే మెతుకు విరుగుతుంది. వేరుశనగపప్పు తాలింపును బయలుదేరే ముందు కలపండి. రాత్రే కలిపితే పప్పు మెత్తబడుతుంది.

నిమ్మకాయ పులిహోరకు కిలో బియ్యానికి రసం బాగా ఉన్న కాయలు ఎనిమిది కావాలి. తాలింపు దించి వేడి తగ్గాక రసం పోయండి. పొయ్యి మీద మరిగితే చేదెక్కుతుంది.

ఇక ఉసిరికాయ పులిహోర. కార్తీకంలో కాయలు బజారు నిండా ఉంటాయి, ఈ నెలకే తగిన రుచి అది. పది పన్నెండు పెద్ద కాయలు తురిమి, తాలింపులో రెండు నిమిషాలు మగ్గనిచ్చి, కిలో బియ్యపు అన్నంలో కలపాలి. పులుపు చాలకపోతే ఒక నిమ్మచెక్క పిండండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆదివారం ఉసిరికాయ తినకూడదని చాలా ఇళ్ళలో పాటిస్తారు. వనభోజనాలు ఎక్కువగా జరిగేది ఆదివారమే. మీ గుంపులో పెద్దవారు ఉంటే ముందుగా అడిగి తెలుసుకోండి, లేకపోతే అంత శ్రమపడి చేసినది గిన్నెలోనే ఉండిపోతుంది.

ఉల్లి, వెల్లుల్లి లేకుండా కూర రుచిగా వస్తుందా?

వస్తుంది. కార్తీకంలో చాలామంది వాటిని ముట్టరు. అందరూ కలిసి తినే చోట ఒక్కరైనా విస్తరి ముందు వెనుకాడకూడదు కదా. అందుకే మా దగ్గర ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి లేని వంటలే ఉంటాయి. ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి, నువ్వులపొడి, ఆవపిండి మన దగ్గర ఉండగా రుచికి లోటు రాదు. అరటికాయ ఆవపెట్టిన కూర చేసి చూడండి. అరటికాయ ముక్కలు ఉడికించి, చింతపండు గుజ్జు, పసుపు, ఉప్పు, తాలింపు కలిపి, చల్లారాక నూరిన ఆవముద్ద వేయాలి. వేడిలో వేస్తే చేదు వస్తుంది. రెండు గంటలు ఆగితే ఆవఘాటు ముక్కకు పడుతుంది. వనభోజనానికే పుట్టిన కూరలా ఉంటుంది.

ఎంతమందికి సరిపడా తేవాలి? అందరికీ సరిపోకపోతే చిన్నతనం కదా?

నేను ఎక్కువ సేపు వివరించేది ఈ ప్రశ్నకే. తక్కువైతే నలుగురిలో మాట పడుతుందన్న భయంతో ప్రతి ఇల్లూ అందరికీ సరిపడా వండుతుంది. లెక్క వేసి చూడండి. అరవై మంది వస్తున్నారు, ఇరవై ఇళ్ళు. పెద్దలు, పిల్లలు కలిపి తలకు 100 గ్రాముల బియ్యం చొప్పున మొత్తం ఆరు కిలోలు చాలు. అంటే పులిహోర రెండు కిలోలు, దద్దోజనం కిలోన్నర, తెల్లన్నం రెండున్నర కిలోలు. పులిహోర తెచ్చే రెండు ఇళ్ళవారూ చెరో కిలో వండితే సరిపోతుంది. ఇద్దరూ అరవై మందికీ అని మూడేసి కిలోలు వండితే సగానికి పైగా మిగులుతుంది.

కూరలు రెండు మూడు రకాలు ఉన్నప్పుడు, కిలో కూరగాయలతో చేసిన కూర పన్నెండు నుంచి పదిహేను మందికి వస్తుంది. పచ్చళ్ళు తలకు ఒక చెంచా. పెరుగు తలకు 100 మిల్లీలీటర్లు. ఇది మాత్రం తగ్గించకండి, ఎండలో కూర్చున్నవారు పెరుగు, మజ్జిగ ఎక్కువ అడుగుతారు.

మీ గిన్నె ఖాళీ అయితే చిన్నబోకండి. అందరికంటే ముందు అయిపోయిందంటే అందరికంటే ఎక్కువ ఇష్టపడ్డారనే అర్థం.

ఎవరు ఏది తేవాలో ఎలా పంచుకోవాలి?

వాట్సాప్ గ్రూపులో వంటకాల పేర్లు కాకుండా విభాగాలు రాయండి. అన్నాలు, కూరలు, పచ్చళ్ళు, పెరుగు, తీపి, చిరుతిండి, పళ్ళు, విస్తళ్ళు, నీళ్ళు. ప్రతి విభాగం ఎదురుగా ఎన్ని ఇళ్ళు కావాలో అంకె వేయండి. ఎవరికి వారు నచ్చినచోట పేరు రాసుకుంటారు. పది రోజుల ముందు మొదలుపెట్టి, మూడు రోజుల ముందు జాబితా మూసేయండి. చివరి నిమిషంలో చేరేవారికి పళ్ళు, పెరుగు విభాగాలు ఖాళీగా ఉంచడం మంచిది.

తేదీ విషయం కూడా ఇక్కడే చెబుతాను. కార్తీక సోమవారాలు చాలామంది నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం ఉంటారు, ఏకాదశి నాడు అన్నం తిననివారు ఉంటారు. కనుక పంచాంగం చూసి ఆదివారం ఖాయం చేసుకోండి. మామూలుగా ఈ నెల అక్టోబరు చివర, నవంబరులో వస్తుంది. అధికమాసం వచ్చిన ఏడాది డిసెంబరులోకి కూడా సాగుతుంది.

దద్దోజనం మధ్యాహ్నానికి పుల్లబడకుండా ఏం చేయాలి?

పెరుగుతో కలపకండి, పాలతో కలపండి. గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్ళు పోసి అన్నం మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదపండి. కిలో బియ్యానికి లీటరున్నర కాచిన పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. గోరువెచ్చగా అయ్యాక పావుకిలో కమ్మటి పెరుగు వేయండి. తొమ్మిదింటికి కలిపితే పన్నెండున్నరకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. చూడడానికి మొదట్లో బాగా పలుచగా అనిపిస్తుంది, భయపడకండి, అన్నం పీల్చుకుంటుంది. మిరియాలు, అల్లం, ఇంగువ తాలింపు చల్లారాక కలపాలి. దానిమ్మ గింజలు వడ్డించేటప్పుడే చల్లండి, ముందే కలిపితే అన్నం గులాబీ రంగుకు తిరుగుతుంది.

తీపి ఏది తేలిక?

రవ్వకేసరి. గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్ళు, గ్లాసున్నర చక్కెర, అర గ్లాసు నెయ్యి. ముందు నేతిలో రవ్వను కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మరుగుతున్న నీళ్ళలో పోస్తూ కలపాలి. రవ్వ పూర్తిగా ఉడికాకే చక్కెర వేయాలి, ముందే వేస్తే రవ్వ బిరుసుగా ఉండిపోతుంది. మూడు గ్లాసుల రవ్వతో చేస్తే నలభై మందికి వస్తుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ఆరాక ముక్కలు కోసి తెస్తే వడ్డన తేలిక.

బూరెలు, బొబ్బట్లు చేయగలిగినవారికి నా నమస్కారాలు, కానీ తొలిసారి వస్తున్నవారు వాటి జోలికి పోవద్దు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి మాత్రం పావుగంట పని. వారం ముందు చేసినా చెడదు.

పొద్దున అరగంటే దొరుకుతుంది. ఏం చేయగలను?

అటుకుల పులిహోర. మందపాటి అటుకులు జల్లెడలో వేసి ఒక్కసారి కడిగి పది నిమిషాలు వదిలేస్తే మెత్తబడతాయి. తాలింపు, నిమ్మరసం, అంతే. పలుచని అటుకులు వాడితే ముద్దవుతాయి.

పొయ్యితో పని లేకుండా అయితే దోసకాయ పచ్చడి. పచ్చిమిర్చి, చింతపండు, కొత్తిమీర నూరి పచ్చి దోసకాయ ముక్కల్లో కలపడమే. ప్రతి కాయనూ కోసిన వెంటనే రుచి చూడండి, ఒక్క చేదు కాయ గిన్నెనంతా పాడుచేస్తుంది. ఉప్పు అక్కడికి వెళ్ళాక కలపండి, లేకపోతే నీరు ఊరుతుంది. గంట నానిన పెసరపప్పులో కొబ్బరి, మామిడల్లం, నిమ్మరసం కలిపిన వడపప్పు కూడా చక్కగా ఉంటుంది.

నాకు వంటే రాదు. కొని తెస్తే చులకనగా చూస్తారా?

చూడకూడదు, మా దగ్గర చూడరు. అరటిపళ్ళు, జామకాయలు, పెరుగు, అప్పడాలు, మంచినీళ్ళ డబ్బాలు, అరిటాకులు, మోదుగాకుల విస్తళ్ళు, ఇవి లేకుండా భోజనం మొదలు కాదు. ఒంటరిగా అద్దెకుంటున్న ఇద్దరు కుర్రవాళ్ళు ఒక ఏడాది ఏమీ తేలేకపోయామని రామన్నారు. బలవంతంగా రప్పించాం. తిన్నవారి విస్తళ్ళు తీయడం, పెద్దవారికి నీళ్ళు అందించడం అంతా వాళ్ళే చూసుకున్నారు. వంట చేసిన మాకందరికీ ఆ రోజు కూర్చుని తినే వీలు కలిగింది.

రాత్రే అన్నం వండి పెట్టుకోవచ్చా?

దయచేసి వద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మక్రిమి బీజాలు వంట వేడికి చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని, 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి తెల్లన్నం, పప్పు అన్నిటికంటే చివర వండి, పొగలు కక్కుతుండగానే హాట్ బాక్సులో పెట్టి తీసుకురండి. పులుపు క్రిముల పెరుగుదలను అడ్డుకుంటుంది. ప్రయాణాలకు పులిహోర కట్టుకునే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉన్నది అందుకే. అయినా దాన్ని కూడా ఆ పొద్దునే కలపండి. ముందు రోజు చేయదగినవి పులుసు, పొడులు, చిమ్మిలి, తాలింపు దినుసుల సర్దుబాటు. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివారు తినే భోజనం ఇది, ఇందులో నేను రాజీపడను.

ఏ గిన్నెలో తేవాలి?

స్టీలు గిన్నె, బిగుతు మూత. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు, పెరుగు వేస్తే కిలుము పడుతుంది. అల్యూమినియం రేకు ట్రేలలో చింతపండు వంటకాలు ఎక్కువసేపు ఉంచకండి, పులుపు ఆ రేకును తినేస్తుంది. మూత మీద, గిన్నె అడుగున ఫ్లాట్ నంబరు రాసిన కాగితం అంటించండి. మీ గరిటె మీరే తెచ్చుకోండి. ఇరవై గిన్నెలకు ఆరు గరిటెలు ఉంటే కూర గరిటె దద్దోజనంలోకి వెళ్తుంది, ఆ తరువాత ఎవరూ అటు చూడరు.

వేరుశనగలు పడనివారు, మధుమేహం ఉన్నవారి సంగతి?

మూత మీదే వంటకం పేరు, అందులో పప్పులు, నువ్వులు, పాలు ఉంటే ఆ మాట రాయండి. వేరుశనగ కొందరికి ప్రాణాపాయం తెస్తుంది, కనుక ఒక్క పులిహోరలోనైనా పప్పు విడిగా పెట్టండి. మధుమేహం ఉన్నవారికి గుగ్గిళ్ళు, కూరలు, మజ్జిగ బాగా సరిపోతాయి. వారి కోసం కొర్రలతో దద్దోజనం చేసి తెచ్చేవారు మా దగ్గర ఉన్నారు, అందరూ అడిగి వేయించుకుంటారు.

అక్కడే పొయ్యి పెట్టి వేడి చేసుకోవచ్చా?

తోట యజమాని ఒప్పుకుంటే చేసుకోవచ్చు. అటవీ భూముల్లో, పార్కుల్లో మాత్రం నిప్పు వెలిగించకండి. చెట్టు మొదట్లో అసలే వద్దు, ఆ వేడికి వేర్లు చస్తాయి.

మేము విదేశంలో ఉన్నాం. ఉసిరిచెట్టూ లేదు, కార్తీకంలో చలి. ఎలా?

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే ఊళ్ళలో తెలుగువాళ్ళు వనభోజనాలను వేసవి నెలల్లోనే పార్కుల్లో జరుపుకుంటారు. కార్తీకంలోనే కావాలంటే ఏదైనా హాలులో, కుండీలోని తులసి దగ్గర పెట్టుకోవచ్చు. అక్కడి దుకాణాల్లో గడ్డకట్టించిన ఉసిరికాయలు, కొబ్బరి తురుము దొరుకుతాయి, పులిహోరకు, గుగ్గిళ్ళకు అవి చాలు. ఇతర భాషల వారిని పిలిస్తే పచ్చిమిర్చి సగానికి తగ్గించండి, కారం కోసం కందిపొడి పక్కన పెట్టండి. ముందుగా ఖాళీ అయ్యేవి నిమ్మకాయ పులిహోర, రవ్వకేసరి అని అక్కడున్న మా చెల్లెలు ప్రతిసారీ చెబుతుంది.

మిగిలినవి ఏం చేయాలి?

ఖాళీ డబ్బాలు ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి. భోజనాలు సగంలో ఉండగానే, ఎవరూ ముట్టని గిన్నెల నుంచి శుభ్రంగా తీసి, తోట కాపలావారికి, డ్రైవర్లకు, మన భవనంలో పనిచేసేవారికి కట్టి ఇవ్వండి. అంతకన్నా మంచిది వారిని కూడా మనతో పాటే పంక్తిలో కూర్చోబెట్టడం. మూడు గంటలు దాటాక మిగిలిన అన్నాన్ని, పెరుగు వంటకాలను ఎవరికీ ఇవ్వకండి. ఎంగిలి విస్తళ్ళు, తొక్కలు అక్కడ వదిలేయకుండా గోతాంలో వేసుకుని రండి. అరిటాకులు, మోదుగాకులైతే తోటవారిని అడిగి ఎరువు గుంతలో వేయవచ్చు. ఖాళీ గిన్నెలు అక్కడే ఒకసారి నీళ్ళతో తొలిచి తీసుకెళ్ళండి, ఇంటికి వచ్చేసరికి పసుపు ఎండి పట్టుకుపోతుంది.